పాత జపాన్ పూలకూజా కొనేముందు: ఇమారీ, సత్సుమా, కుతానీ, నిప్పాన్ రకాల్లో ఏది ఎవరికి తగినది

చేత్తో రంగులద్దిన పాత జపాన్ పూలకూజా ఒకటి ఇంట్లో ఉండాలని కోరుకునేవారికి వేలం జాబితాల్లోనూ, పాత సామాను దుకాణాల్లోనూ పదేపదే ఎదురయ్యే పేర్లు నాలుగు: ఇమారీ, సత్సుమా, కుతానీ, నిప్పాన్. అమ్మేవారు ముందుగా పేరు చెబుతారు, తరువాత వయసు చెబుతారు, చివరికి అడుగున ఉన్న ముద్ర చూపిస్తారు. కొనేవారు ఈ వరుసను తిరగేయాలి. ముందు కుంచె పనిని చూడాలి, తరువాత వస్తువు ఎంత క్షేమంగా ఉందో చూడాలి, పేరు సంగతి ఆ తరువాత ఆలోచించవచ్చు. ఎందుకంటే ఈ నాలుగు పేర్లలో ప్రతిదాని కిందా అద్భుతమైన పనీ ఉంది, ఓడల కొద్దీ ఎగుమతి చేసిన నాసిరకం పనీ ఉంది. మంచి కుతానీకీ నాసి కుతానీకీ ఉన్న తేడా, కుతానీకీ ఇమారీకీ ఉన్న తేడా కంటే చాలా పెద్దది.

ఇమారీ

క్యూషూ దీవిలోని అరితా పట్టణంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ తయారై, దగ్గర్లోని ఇమారీ రేవు నుంచి ఓడలకెక్కిన పింగాణీకి ఆ రేవు పేరే స్థిరపడింది. కొరియా నుంచి వచ్చిన యీ సామ్‌ప్యాంగ్ అనే కుమ్మరి ఇజుమియామా కొండలో పింగాణీకి పనికివచ్చే రాతిని గుర్తించి 1616లో పని మొదలుపెట్టాడని అక్కడి సంప్రదాయం చెబుతుంది. చైనాలో మింగ్ వంశం కూలిపోయి, జింగ్‌దజెన్ బట్టీల సరుకు ఐరోపాకు రావడం తగ్గిపోయినప్పుడు, నాగసాకిలోని దెజిమా నుంచి వ్యాపారం చేసే డచ్ ఈస్టిండియా కంపెనీ అరితా వైపు తిరిగింది. 1659లో కంపెనీ పెద్ద ఆర్డరు ఇచ్చిన తరువాత అరితా బట్టీలు ఐరోపా రాజభవనాల కోసం పనిచేయడం మొదలుపెట్టాయి. మూడు మూత జాడీలు, రెండు గొట్టపు కూజాలు కలిపి అయిదింటి వరుసగా గూటి మీద పేర్చే సెట్లు ఆ కాలపువే. నేడు ఆ సెట్ల నుంచి విడిపోయి, మూతలు పోగొట్టుకున్న జాడీలు ‘పూలకూజా’ అనే పేరుతో అమ్మకానికి వస్తుంటాయి. మూతి అంచున లోపలి వైపు గాజుపూత లేని సన్నని వలయం కనిపిస్తే అక్కడ ఒకప్పుడు మూత కూర్చునేదని అనుమానించి, ఆ మేరకు ధర తగ్గించమని అడగాలి.

ఇమారీ రంగుల కూర్పు ముదురు నీలం, ఇటుక ఎరుపు, బంగారం. ఈ మూడూ ఒకేసారి వేసినవి కావు. కోబాల్ట్ నీలాన్ని మట్టి ఒంటి మీద ముందే గీసి, దాని పైన గాజుపూత పోసి, సుమారు 1300 డిగ్రీల వేడిలో కాలుస్తారు. ఎరుపునూ బంగారాన్నీ కాలిన పూత మీద వేసి, చాలా తక్కువ వేడిలో మళ్లీ కాలుస్తారు. అందువల్ల భూతద్దం పెట్టి చూస్తే నీలపు గీత అంచులు పూత అడుగున కాస్త చెమ్మగిల్లినట్లు కరిగి కనిపిస్తాయి, వేలితో తడిమితే ఏమీ తగలదు. ఎరుపు మాత్రం పైన కూర్చున్నట్లు వేలికి సన్నగా తెలుస్తుంది, ఓరగా వెలుతురు పడినప్పుడు దాని మెరుపు కూడా వేరుగా ఉంటుంది. నీలమూ ఎరుపూ రెండూ ఒకే మట్టంలో, ఒకే మెరుపుతో ఉంటే ఆ వస్తువును పక్కన పెట్టేయడం మంచిది.

బజారులో దొరికే ఇమారీలో అత్యధిక భాగం 17వ శతాబ్దానిది కాదు, 1868 నుంచి 1912 దాకా సాగిన మెయిజీ కాలానిది. అందులో చిన్నతనం ఏమీ లేదు. ఆ కాలంలో అరితాలో కోరాన్‌షా, ఫుకగావా వంటి సంస్థలు చేయించిన కూజాల్లో మట్టి తెలుపు, నీలం లోతు, గీత శుభ్రత అన్నీ గొప్ప స్థాయిలో ఉంటాయి. ఫుజీ కొండా దాని కింద పారే ఏరూ ముద్రగా గల ఫుకగావా కూజా, మొదటిసారి కొనేవారికి నేను నిస్సంకోచంగా సూచించే వస్తువుల్లో ఒకటి. అదే అరితాలో పుట్టిన కాకియెమోన్ శైలి వేరే దారి: పాలవంటి తెల్లని ఒళ్లు, దాని మీద చాలా భాగం ఖాళీగా వదిలేసి, ఒక పక్కగా వేసిన కొమ్మా, పిట్టా. ఆ శైలిలోని అసలైన 17వ శతాబ్దపు వస్తువులు సామాన్యులకు అందే ధరలో ఉండవు. పైగా జర్మనీలోని మైసెన్ మొదలుకొని పారిస్‌లోని సాంసన్ కార్ఖానా దాకా ఐరోపావారు ఆ శైలిని విరివిగా అనుకరించారు కనుక, నిపుణుల మాట లేకుండా కాకియెమోన్ పేరుకు డబ్బు పెట్టకూడదు.

సత్సుమా

ఎక్కువ మందిని ఆకర్షించేదీ, ఎక్కువ మందిని మోసగించేదీ ఇదే. కాబట్టి దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగడం అవసరం.

ముందుగా తెలుసుకోవలసినది, ఇది పింగాణీ కాదు. మీగడ రంగు మట్టిపాత్ర మీద పారదర్శకమైన గాజుపూత, ఆ పూతలో సాలెగూడు వంటి సన్నని పగుళ్ల వల, దాని మీద రంగులూ బంగారమూ ఉంటాయి. ఆ పగుళ్లు దోషం కావు, చల్లారేటప్పుడు పూతా మట్టీ వేర్వేరు పాళ్లలో ముడుచుకోవడం వల్ల ఏర్పడేవి. 1590ల్లో జపాన్ పాలకుడు హిదెయోషి కొరియా మీద చేసిన దండయాత్రల తరువాత, సత్సుమా సీమను ఏలే షిమాజు ప్రభువులు వెంట తెచ్చిన కొరియా కుమ్మరులతో క్యూషూ దక్షిణ కొసన ఈ పని ప్రారంభమైంది. 1867 పారిస్ ప్రదర్శనలోనూ, 1873 వియన్నా ప్రదర్శనలోనూ చూసినవారు మోజుపడడంతో గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. ఆ గిరాకీ తీర్చడానికి క్యోతో, ఒసాకా, యోకొహామా, కోబె, తోక్యో నగరాల్లో కూడా అదే పద్ధతి మొదలైంది. కనుక నేడు సత్సుమా అని అమ్ముతున్నవాటిలో చాలా భాగం సత్సుమా సీమలో పుట్టినవే కావు. దాన్ని లోపంగా భావించనవసరం లేదు, ఎందుకంటే ఈ శైలిలో అతి సూక్ష్మమైన చిత్రణ ఆ నగరాల్లోనే జరిగింది. ఒసాకాలో యాబు మెయిజాన్, క్యోతోలో కింకోజాన్ కార్ఖానాలు చేయించిన ఉత్తమ కూజాలకు వేలంలో వేల డాలర్లు పలుకుతాయి.

అరచేతిలో పట్టేటంత మంచి మెయిజీ సత్సుమా కూజాను పది రెట్లు చూపే భూతద్దం కింద పెట్టి చూడండి. ఊరేగింపులో వెళ్తున్న జనంలో ప్రతి ముఖానికీ వేరే భావం ఉంటుంది, కనుబొమ గీత ఎక్కడా తెగదు, ఒక స్త్రీ కట్టుకున్న కిమోనో మీద పువ్వులకు కూడా రేకులు లెక్కపెట్టవచ్చు, అంచున బంగారు చుక్కలు ఒకే ఎత్తులో, ఒకే ఎడంలో వరుస తప్పకుండా సాగుతాయి. ఇప్పుడు రెండడుగుల ఎత్తున్న ఎగుమతి కూజాను అదే అద్దంతో చూడండి. ముఖాలు అన్నీ ఒకటే, కళ్లు రెండు పొట్టి గీతలు, బంగారం ముద్దలుగా పొంగి గీత దాటి పారుతుంది, వెనుక వైపు సగం ఖాళీ. దూరం నుంచి రెండోదే ఘనంగా కనిపిస్తుంది. దుకాణంలో దానికే ఎక్కువ ధర చెప్పడం కూడా మామూలే. ఈ రెండింటిలో చిన్నదే కొనండి. సత్సుమా విషయంలో పరిమాణానికి డబ్బు పెట్టడం కంటే నష్టం మరొకటి లేదు.

వలయంలో శిలువ వంటి షిమాజు వంశపు చిహ్నం అడుగున కనిపిస్తే అమ్మేవారు గొప్పగా చూపిస్తారు. ఆ చిహ్నం ఎగుమతి సరుకు మీద, 20వ శతాబ్దపు నాసిరకం మీద కూడా విరివిగా ఉంది కనుక దానివల్ల ఏదీ రుజువు కాదు. ‘రాయల్ సత్సుమా’ అని ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే అది ఇటీవలి వస్తువు. కింకోజాన్ సంతకం నిజమైనదే అయినా, ఆ కార్ఖానా 1927లో మూతపడేదాకా ఉత్తమమైనవాటితో పాటు చవక సరుకు కూడా పెద్ద ఎత్తున చేసింది కనుక సంతకం ఒక్కటీ నాణ్యతకు హామీ కాదు.

కుతానీ

హొన్షూ దీవికి పడమటి తీరంలో, నేటి ఇషికావా ప్రాంతంలో, మాయెదా ప్రభువుల ఏలుబడిలో 17వ శతాబ్దం నడుమ ఈ పని మొదలై, కొన్ని దశాబ్దాలకే ఆగిపోయి, 19వ శతాబ్దం తొలి భాగంలో మళ్లీ చిగురించింది. ఆ తొలి కాలపు పనిని ‘కో-కుతానీ’ అంటారు. అందులో చాలా భాగం నిజానికి అరితా బట్టీల్లోనే తయారైందన్న వాదన తవ్వకాల తరువాత బలపడింది. పండితులకే తెగని ఆ చర్చలో మనం డబ్బు పెట్టనవసరం లేదు. దుకాణంలో ఎవరైనా కో-కుతానీ అని చెబితే మర్యాదగా వదిలేసి, మెయిజీ కాలపు కుతానీ చూపించమని అడగండి.

కుతానీ ప్రత్యేకత ఆకుపచ్చ, పసుపు, ఊదా, ముదురు నీలం, ఎరుపు అనే అయిదు రంగులు. ఎరుపు తప్ప మిగిలిన నాలుగూ రంగు గాజులా మందంగా, పారదర్శకంగా కూర్చుంటాయి. వాటి కింద నల్లని గీతలు నీటి అడుగున ఉన్నట్లు కనిపిస్తాయి. మంచి కుతానీలో ఆ నల్ల గీత ఒకే ఊపులో సాగి, ఆకు కొసన సన్నబడి ముగుస్తుంది. నాసి పనిలో గీత తడబడుతుంది, రంగు దాన్ని దాటి పోతుంది. ఎగుమతి కాలంలో పేరు తెచ్చుకున్న కుతానీ షోజా (1816–1883) శైలి వేరు: ఎరుపు, బంగారం ప్రధానంగా, చట్రాల్లో పూలు, పక్షులు, మనుషులు కిక్కిరిసి ఉంటాయి. అడుగున ‘కుతానీ’ అన్న రెండు చీనా అక్షరాలు ఎర్రగా రాసి ఉండడం సాధారణం. ఈ ఎరుపు-బంగారం కుతానీని ఇమారీగా పొరబడేవారు చాలామంది. పూత కింద నీలం ఉందా లేదా అని చూస్తే తేలికగా తేలిపోతుంది. ఇమారీలో నీలం తప్పక ఉంటుంది, ఈ రకం కుతానీలో సాధారణంగా ఉండదు.

నా అభిప్రాయంలో పెట్టిన డబ్బుకు ఎక్కువ కుంచె పని దొరికేది కుతానీలోనే. సత్సుమాకు ఉన్నంత మోజు దీనికి లేకపోవడంతో, సమానమైన నైపుణ్యం ఉన్న కూజా చాలాసార్లు తక్కువ ధరకు వస్తుంది.

నిప్పాన్

ఇది శైలి పేరు కాదు, ముద్ర పేరు. అమెరికాలో 1890లో వచ్చిన మెకిన్లీ సుంకాల చట్టం వల్ల, దిగుమతి వస్తువుల మీద తయారైన దేశం పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉండాలన్న నిబంధన 1891 నుంచి అమలైంది. జపాన్ వ్యాపారులు తమ భాషలో దేశం పేరైన ‘నిప్పాన్’ అని రాశారు. 1921లో అమెరికా అధికారులు ఆ పేరు చెల్లదని, ‘జపాన్’ అనే రాయాలని నిర్ణయించారు. కాబట్టి ‘నిప్పాన్’ ముద్ర నిజమైనదైతే ఆ కూజా దాదాపు 1891కీ 1921కీ నడుమ అమెరికా బజారుకు వెళ్లినది. ‘జపాన్’, ‘మేడ్ ఇన్ జపాన్’ అన్నవి సాధారణంగా ఆ తరువాతివి. ‘ఆక్యుపైడ్ జపాన్’ అన్నది రెండో ప్రపంచ యుద్ధం తరువాత, 1952 లోపుది. ఇంత కచ్చితంగా కాలం చెప్పగలిగే సౌకర్యం మిగిలిన మూడింటికీ లేదు. అయితే ఈ లెక్క అమెరికాకు వెళ్లిన సరుకుకే వర్తిస్తుంది. జపాన్‌లోనే అమ్ముడైన కూజా మీద ఇంగ్లీషు ముద్ర లేకపోవడం వల్ల అది 1891కి ముందుదని తేల్చేయకూడదు.

ఈ వ్యాపారంలో ముఖ్యులు మొరిమురా సోదరులు. వారి సంస్థ 1904లో నగోయా దగ్గర నోరితాకె అనే ఊళ్లో పింగాణీ కార్ఖానా పెట్టింది. నిప్పాన్ కూజాల మీద గులాబీలు, సరస్సులు, ఐరోపా తరహా ప్రకృతి దృశ్యాలు, ఉబ్బెత్తు బంగారు అంచులు ఉంటాయి. జపాన్ చిత్రకళను కోరుకునేవారికి ఇవి నిరాశ కలిగిస్తాయి, అమెరికా ఇళ్ల అలంకరణ కోసం చేసినవి కనుక. కానీ పని శుభ్రంగా ఉంటుంది, పింగాణీ గట్టిగా ఉంటుంది, అమెరికాలో ఉన్న మన తెలుగువారికి ఇళ్ల సామాను అమ్మకాల్లోనూ చిన్న వేలాల్లోనూ ఇవి సులభంగా దొరుకుతాయి.

దీనికున్న పెద్ద చిక్కు దొంగముద్రలు. తరచుగా కనిపించే ఒక నిప్పాన్ ముద్రలో, పుష్పహారం నడుమ మొరిమురాను సూచించే ఇంగ్లీషు ఎం అక్షరం ఉండవలసిన చోట ఇసుక గడియారం వంటి ఆకారం ఉంటే అది కొత్త నకలు. అడుగు అసాధారణంగా బరువుగా ఉండటం, బంగారం అద్దంలా తళతళలాడటం, చిత్రంలోని రంగుల్లో క్రమబద్ధమైన చుక్కలు కనిపించడం కూడా అనుమానించదగినవే.

చేతి పనిని గుర్తించడం

శ్రీకాళహస్తిలో కలంతో గీసిన గుడ్డనూ, పెడనలో దిమ్మెతో అద్దిన గుడ్డనూ పక్కపక్కన చూసినవారికి ఈ తేడా కొత్తగా నేర్పవలసిన పని లేదు. చేతి గీత ఒకచోట లావుగా మొదలై మరోచోట సన్నబడుతుంది, ఒకే పువ్వు రెండోసారి వేసినప్పుడు కాస్తయినా మారుతుంది. అచ్చు గీత అంతటా ఒకే లావులో ఉంటుంది. కూజా గుండ్రంగా ఉంటుంది కనుక, అచ్చు కాగితం రెండు కొసలూ కలిసేచోట నమూనా తెగడమో, ఒకదానిమీద ఒకటి ఎక్కడమో జరుగుతుంది. ఆ అతుకును వెతకాలి, సాధారణంగా పిడి కిందో, వెనుక వైపో దాక్కుని ఉంటుంది. మెయిజీ కాలంలోనే అరితాలో కూడా నీలపు నమూనాలను కాగితం అచ్చుతో దింపడం వాడుకలోకి వచ్చింది కనుక, పాతదైనంత మాత్రాన చేతి పని అనుకోవడానికి వీలు లేదు. అలాగని కాస్త సాయం తీసుకున్న ప్రతి పనినీ తోసిపుచ్చకూడదు. యాబు మెయిజాన్ కార్ఖానాలో రూపురేఖలు దింపడానికి రాగి రేకులు వాడేవారు. ఆ రేఖల లోపల జరిగిన చిత్రణ మాత్రం పూర్తిగా కుంచెదే.

అడుగున మింగ్ చక్రవర్తి చెంగ్‌హువా కాలపు చీనా ముద్ర ఉన్న అరితా వస్తువులు చాలానే కనిపిస్తాయి. అది చైనా పింగాణీ మీద గౌరవంతో జపాన్ కుమ్మరులు పాటించిన ఆచారం. ముద్ర చదివించుకుని 15వ శతాబ్దపు వస్తువు దొరికిందని సంబరపడకూడదు, మోసమని కోపగించుకోనూ కూడదు.

క్షేమంగా ఉందా

పింగాణీ కూజాను అరచేతిలో నిలబెట్టి వేలిగోటితో మెల్లగా తడితే కంగుమని మోగాలి. మొద్దుగా పలికితే ఎక్కడో వెంట్రుకవాసి బీట ఉందని అర్థం. సత్సుమా మట్టిపాత్ర కనుక అది బాగున్నా మొద్దుగానే పలుకుతుంది, ఈ పరీక్ష దానికి పనికిరాదు. చీకటి గదిలో అతినీలలోహిత దీపం కింద చూస్తే తరువాత వేసిన జిగురూ, మరమ్మతు రంగూ అసలు పూతకు భిన్నంగా వెలుగుతాయి. మెడ, పిడులు, మూతి అంచు, అడుగు చుట్టు, ఈ నాలుగు చోట్లా తప్పక చూడాలి. అడుగున నడిమధ్య గుండ్రని రంధ్రం ఉంటే ఆ కూజాను ఎవరో దీపస్తంభంగా మార్చారన్నమాట. అలంకరణకు కొనేవారికి అది అడ్డు కాదు, కానీ విలువ బాగా పడిపోతుంది కనుక ఆ ధరకే కొనాలి. బంగారం అరిగిపోవడాన్ని నేను సహజమైన వయసుగా భావిస్తాను. కొత్తగా పూసిన బంగారాన్ని మాత్రం అంగీకరించను.

ఎవరికి ఏది

కూజాలో నిజంగా నీళ్లు పోసి పూలు పెట్టాలనుకునేవారు సత్సుమా జోలికి వెళ్లకూడదు. పగుళ్ల వలలోంచి తేమ మట్టిలోకి దిగి మరకలుగా తేలుతుంది, ఆ మరక మళ్లీ పోదు. వారికి ఇమారీ గానీ నిప్పాన్ గానీ తగినది, అప్పుడు కూడా లోపల సన్నని గాజు గొట్టం పెట్టి అందులో నీళ్లు పోయడం మేలు. పిల్లలూ, పనుల హడావిడీ ఉన్న హాల్లో ఎత్తైన ఇమారీ కూజాను నేల మీద నిలబెట్టేవారు, పొడి ఇసుకను గుడ్డ సంచిలో కట్టి లోపల అడుగున వేస్తే అది సులభంగా ఒరగదు. అద్దాల బీరువాలో పెట్టి తీరిగ్గా చూసుకునేవారికి చిన్న సత్సుమాను మించినది లేదు. గోడకు ఆనుకున్న బల్ల మీద ఒకే ఒక్క వస్తువు గది మొత్తానికి రంగు తేవాలంటే ఆకుపచ్చ, పసుపు నిండిన కుతానీ బాగుంటుంది. ఏ రకమైనా సరే చింతపండు, నిమ్మకాయ, తోముడు పొడి దగ్గరికి రానీయకూడదు. పూత మీది పాత రంగులను పులుపు తినేస్తుంది, రాపిడికి బంగారం పోతుంది. మెత్తని కుంచెతో దుమ్ము దులిపితే చాలు. ఎత్తేటప్పుడు మెడ పట్టుకోకుండా ఒక చెయ్యి అడుగున, ఒక చెయ్యి నడుమున ఉంచాలి.

జతగా ఉన్న కూజాలకు ఒంటరి వాటి కంటే రెట్టింపు మించి ధర పలకడం మామూలు. మొదటిసారి కొనేవారికి జత అవసరం లేదు. జతకు పెట్టే డబ్బుతో ఒంటరిగా మిగిలిన, అంతకంటే ఎంతో మెరుగైన కూజా వస్తుంది.

కొనేముందు కళ్లకు అలవాటు చేయడం తప్పనిసరి. హైదరాబాద్‌లో ఉన్నవారికి ఇది సులభం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరించిన వస్తువులతో 1951లో ప్రారంభమైన సాలార్‌జంగ్ మ్యూజియంలో జపాన్ విభాగం ఉంది. అక్కడి పింగాణీని ఒక్కరోజులో అన్నీ చూసేయాలన్న తొందర లేకుండా, ఒక్కో కూజా దగ్గర నిలబడి గీతను వెంబడిస్తూ చూస్తే దుకాణంలో కన్ను వెంటనే తేడా పట్టుకుంటుంది.

వేలంలో కొనేవారు, పాడిన ధర మీద వేలం సంస్థ వసూలు చేసే కమిషన్ పాతిక శాతం దాకా, కొన్నిచోట్ల అంతకు మించి ఉంటుందని ముందే లెక్కలో వేసుకోవాలి. ఫొటోలు చూసి కొంటున్నప్పుడు అడుగు, మూతి లోపలి భాగం, వెనుక వైపు ఫొటోలు విడిగా అడగాలి. స్థితిగతుల మీద రాతపూర్వక వివరణ ఇవ్వనివారి దగ్గర కొనకపోవడమే మంచిది. విదేశాల నుంచి ఇండియాకు తెచ్చుకునేవారు నూరేళ్లు దాటిన వస్తువని చెప్పే బిల్లునూ, వేలం పత్రాన్నీ భద్రపరచుకోవాలి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళాఖండాలను దేశం దాటించడానికి సామాన్యులకు అనుమతి లేదు. కనుక ఇక్కడి తాతల ఇంట్లో దొరికిన పాత కూజాను అమెరికాకు తీసుకెళ్లాలనుకునేవారు సామాను సర్దకముందే పురావస్తు శాఖను సంప్రదించి, అది పురావస్తువు కిందకు వస్తుందో రాదో ధ్రువపత్రం తీసుకోవాలి.